బొమ్మ: లేదు

పర్లాకిమిడిలో బెహరా గారి మేడ గది.
శబ్దం గోడకి తగిలి తిరిగి రాకుండా
పాత దుప్పట్లు చుట్టూ మేకులేసి కొట్టించారు.
నల్లపెట్టె వెనక దూరి, టార్చి పళ్ళతో కరిచి
తీగలు లెక్కపెడుతున్నాను.

తెర మీద మనుషులు కొట్టుకుంటున్నారు,
చప్పుడు లేదు.
"నాలుగు లక్షలు పోశానయ్యా" అన్నారాయన ఒడియాలో.
పోసింది చెవులకి, అందింది కళ్ళకి.

తప్పు తీగది కాదు.
డిష్ తీగ రెండో కన్నంలోనే ఉంది,
మెనూలో దాని బొమ్మకీ రెండో కన్నమే రాసుంది.
శబ్దానికి మాత్రం
ఎవరూ ఏమీ గుచ్చని ఆప్టికల్ కన్నం.
ఒకే పేరు కింద రెండు దారులు,
ఒక దారిన ఎవరూ రావటం లేదు.

పెట్టె వెనక నేనొక్కణ్ణే నవ్వుకున్నాను.
నాదీ ఇదే అమరిక.
బళ్ళో దిద్దింది గొడుగులు పట్టుకున్న ఒడియా అక్షరాలు,
ఇంట్లో తిన్నది అమ్మ చేత తెలుగు తిట్లు.
తెలుగు చెవి కన్నంలోంచే వచ్చింది నాకు,
కంటి కన్నం ఖాళీ.
పాతపట్నంలో బస్సు ముందు నిలబడి
"ఇది టెక్కలి పోతాదేటి?" అంటాను,
బోర్డు నెత్తి మీదే ఉంటుంది.
చదువులేనోడనుకుంటారు. అననీ.
నా లెక్కల పుస్తకంలో మాటలు తెలుగు, అక్షరాలు ఒడియా:
ఎడమ బాక్సు తొమ్మిదడుగులు.
వెనక కుడి ఆరున్నర.
బెహరా గారి బాకీ పదకొండు వేలు.

మైకు సోఫా నడుమ పెట్టి
అందర్నీ ఊపిరి బిగబట్టమన్నాను.
చేటలో నూకలు చెరిగినట్టు
ఒక్కో మూల నుంచీ శ్శ్... శ్శ్... అంటూ
పెట్టె గదిని కొలుస్తోంది.
వెనక ఎడమ దాకా వచ్చేసరికి గుణుపురం బండి కూత.
మళ్ళీ మొదట్నుంచి.
కుక్కరు.
మళ్ళీ మొదట్నుంచి.
మూడోసారి బాసు ఉరిమితే
షోకేసులో కొమ్ముతో చెక్కిన కొంగ
నడుచుకుంటూ అంచుదాకా వచ్చేసింది,
మా లింగరాజు పట్టుకున్నాడు.

అప్పుడొచ్చారు బెహరా గారి అత్తగారు, బృందావతమ్మ,
చంకలో అరచేతంత రేడియో.
"ఇది ఇందులో ఇనపడతాదా?
బొమ్మొద్దు నాయినా. మాట సాలు."
అల్లుడు గారు సీలింగు ఫ్యాను వైపు చూశారు.

రేడియో చెవి కన్నం నుంచి
ఎర్రపిన్ను తెల్లపిన్ను తీగ లాగాను.
శబ్దం: మూడో కన్నం.
బొమ్మ:
మీట నొక్కుతూ, నొక్కుతూ పోతే
అన్నిటికన్నా అడుగున ఉంది,
"లేదు".
లేదు అని కూడా పెట్టుకోవచ్చు!
పెట్టెకేం అభ్యంతరం లేదు.
పన్నెండేళ్ళుగా బిగిస్తున్నాను ఇవి,
ఆ వరస దాకా ఎప్పుడూ పోలేదు.

తెర నల్లబడింది.
ఏడు బాక్సులుండగా ఒక్క నడి బాక్సులోంచే
మహేంద్రతనయ అవతలి మనిషెవరో
వరికి పట్టిన సుడిదోమ గురించి చెబుతున్నాడు,
మధ్య మధ్య గరగర.
ఆవిడ సోఫాలో కాళ్ళు ముడుచుకు కూచుని
ఎకరానికి ఎంత మందు కొట్టాలో
తలాడిస్తూ విన్నారు.
ఆవిడకి పొలం లేదు.

పేరు మార్చుకోవచ్చమ్మా అన్నాను,
ఎనిమిది అక్షరాలు, అన్నీ ఇంగ్లీషువే.
వద్దన్నారు. తెల్ల ప్లాస్టరు ముక్క, పెన్నూ ఇమ్మన్నారు.
నేను రాస్తే ఒడియా అవుతుంది, ఆవిడకి రాదు.
ఏటవతల బళ్ళో అయిదు దాకా చదివిన చెయ్యి
మెల్లిగా, ఒక్కో తలకట్టూ పెట్టుకుంటూ
ఆవిడే రాసిచ్చారు.
ఏం రాశారని నేను అడగలేదు.
రిమోటు మీద ఆ మీట కింద
గాలి బుడగ లేకుండా అదిమి అంటించాను.

"అటు కాదు నాయినా" అని
గోటితో పీకి,
తిప్పి అంటించుకున్నారు.